ముగ్గురికి ఒక కుర్చీ

1899లో బ్రిటిష్ పార్లమెంటు ఒక బుల్లి చట్టం చేసింది. ఆడవాళ్ళు పనిచేసే దుకాణాల్లో, సరుకు అమ్మే ప్రతి గదిలోనూ, కౌంటరు వెనకో మరో అనువైన చోటో ముగ్గురికి ఒకటి చొప్పున కూర్చునే ఏర్పాటు ఉండాలి. లేకపోతే యజమానికి జరిమానా. అంతే. సీటు ఎంత ఎత్తుండాలి, వీపుకు ఆనుడు ఉండాలా వద్దా అన్న ఊసే అందులో లేదు. ముగ్గురికి ఒకటి అన్న లెక్క కూడా ఏ వైద్యుడో కొలిచి చెప్పినట్టు ఉండదు, బేరంలో తెగిన ధరలా ఉంటుంది. అయినా పనిచోట్లో మనిషి ఒంటికీ సామానుకూ కుదరాల్సిన పొంతన గురించి చరిత్ర రాసేవాళ్ళు ఈ చట్టాన్ని దాటి పోకూడదు. మామూలుగా ఎర్గోనామిక్స్ కథ వేరేలా చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీటలు పైలట్ల చేతికి అందేలా మార్చడం, 1948లో స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ ఓకర్‌బ్లోమ్ నడుము వంపుకు ఆధారం కావాలని పుస్తకం రాయడం, 1949లో బ్రిటన్‌లో పరిశోధకుల సంఘం ఏర్పడటం, 1976లో హెర్మన్ మిల్లర్ కంపెనీ ‘ఎర్గాన్’ కుర్చీ, 1994లో అదే కంపెనీ నుంచి జాలీ వీపుతో, మూడు సైజుల్లో వచ్చిన ‘ఏరాన్’. ఇవన్నీ జరిగినవే, గొప్పవే. కానీ అది అప్పటికే కుర్చీ దక్కినవాళ్ళ కథ. కుర్చీ ఎలా ఉండాలన్న ప్రశ్న కన్నా ఎవరు కూర్చోవచ్చన్న ప్రశ్న పాతది, మొండిది. రెండో ప్రశ్నకు జవాబు దొరికిన చోటికే మొదటి ప్రశ్న కొలబద్ద పట్టుకుని వెళ్ళింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

నిలబడటం ఒంటికి ఏం చేస్తుందో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నారా అంటే, కాదు. ఇటలీలోని మోదెనాలో వైద్యం చెప్పిన బెర్నార్డినో రామజ్జీని 1700లోనే పనివాళ్ళ జబ్బుల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. రోగి దగ్గరికి వెళ్ళిన వైద్యుడు అంతకు ముందునుంచీ అడుగుతున్న ప్రశ్నలకు ‘నువ్వు చేసే పని ఏమిటి’ అన్నది కూడా చేర్చాలని చెప్పినవాడు ఆయనే. అందులో నిలబడి పనిచేసేవాళ్ళకు ఒక అధ్యాయం, కూర్చుని పనిచేసేవాళ్ళకు ఇంకో అధ్యాయం ఉన్నాయి. నిలబడేవాళ్ళకు కాళ్ళ నరాలు ఉబ్బుతాయి, పుళ్ళు పడతాయి, మానవు. మైళ్ళ కొద్దీ నడిచినవాడి కన్నా కొద్దిసేపు కదలకుండా నిలబడ్డవాడు ఎందుకు ఎక్కువ అలసిపోతాడని అడిగి, నిలబడ్డంతసేపూ అవే కండరాలు బిగుసుకుని ఉండటమే కారణమని తేల్చాడు. ఈనాటి వైద్యులు చెప్పేదీ దానికి దూరం కాదు. కాళ్ళలోకి దిగిన రక్తాన్ని పైకి తోసే పని పిక్క కండరాలది. నడిస్తే అవి బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి నెడతాయి. కదలకుండా నిలబడితే ఆ పని ఆగిపోయి రక్తం కిందే నిలుస్తుంది, సిరలు సాగుతాయి, వాటిలోని కవాటాలు వదులవుతాయి. రామజ్జీని చెప్పిన మందు కూడా చవకైనదే. నిలబడే పనిని వీలున్నప్పుడల్లా ఆపి కూర్చోవాలి, లేదా అటూ ఇటూ నడవాలి. అంటే కూర్చోనివ్వాలన్న సలహా వైద్య గ్రంథంలోకి ఎక్కిన 199 ఏళ్ళకు, అదీ ముగ్గురిలో ఒకరికి, బ్రిటిష్ చట్టంలోకి వచ్చింది.

ఆ మధ్యకాలంలో జరిగింది కౌంటరు రావడం. అంగడిలో అమ్మేవాడు నిలబడే ఉండాలన్నది అనాదిగా ఉన్న ఆచారం కాదు. మన పాత బట్టల కొట్లనే చూడండి. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళితే తెల్ల దుప్పటి పరిచిన పరుపు. ఒక పక్క కొనేవాళ్ళు, ఎదురుగా అమ్మేవాడు, ఇద్దరూ బాసింపట్టు వేసుకుని. మధ్యలో మడతలు విప్పిన చీరలు. గల్లాపెట్టె దగ్గర షావుకారు కూడా కిందే. పైఅరలోంచి తాను తీసి అందించే కుర్రాడికి తిరుగుడు ఎక్కువే గానీ, పని లేనప్పుడు ఓ మూల చతికిలబడటానికి అతన్నెవరూ తప్పుపట్టలేదు. అదేదో స్వర్ణయుగమని నేననను, ఆ కుర్రాడి జీతం సంగతి అడిగితే షావుకారు ముఖం మారిపోయేది. కానీ అమ్మకం అనే పని నిలబడితేనే జరుగుతుందన్న మాటకు ఆ పరుపే జవాబు. పట్టుచీరలు అమ్మే కొన్ని చోట్ల ఇప్పటికీ పరుపు ఉంది, ఖరీదైన బేరాలన్నీ దాని మీదే తెగుతాయి.

పందొమ్మిదో శతాబ్దపు లండన్, పారిస్ నగరాల్లో పెద్ద పెద్ద వస్త్ర దుకాణాలు పుట్టాక ఈ లెక్క మారింది. దుకాణమే ఒక ప్రదర్శన అయింది. అద్దాల బీరువాలు, దీపాలు, వరసగా పేర్చిన తానులు, వాటి వెనక వరసగా నిలబెట్టిన నల్లబట్టల అమ్మాయిలు. అమ్మేమనిషి కూడా ప్రదర్శనలో భాగమైంది. పారిస్‌లో ఆ తరహా దుకాణం లోపలి బతుకును ఎమీల్ జోలా 1883లో నవలగా రాశాడు. లండన్‌లో థామస్ సదర్‌స్ట్ అనే న్యాయవాది 1884లో ‘కౌంటరు వెనక చావూ జబ్బూ’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకమే వేశాడు. పని గంటల సంగతి చెప్పాలంటే ఒక్క అంకె చాలు. 1886లో పార్లమెంటు జాలిపడి 18 ఏళ్ళ లోపు పిల్లల చేత దుకాణాల్లో వారానికి 74 గంటలకు మించి పని చేయించకూడదని శాసించింది. అది పిల్లలకిచ్చిన రాయితీ! పెద్దవాళ్ళకు ఆ హద్దు కూడా లేదు. చాలామంది దుకాణం వాళ్ళ వసతి గదుల్లోనే పడుకుని, వాళ్ళు పెట్టిందే తిని, చిన్న తప్పులకు జరిమానాలు కట్టేవాళ్ళు. పద్నాలుగో ఏట బట్టల దుకాణంలో చేరిన మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ ఆ శతాబ్దం చివర్లో ఒక మహిళా సంస్థ తరఫున రహస్యంగా దుకాణాల్లో ఉద్యోగాలు చేస్తూ అక్కడి పరిస్థితులు రాసి పంపింది. ఆ మనిషే 1929లో బ్రిటన్ కేబినెట్‌లో తొలి మహిళగా కార్మిక మంత్రి అయింది. కుర్చీల చట్టం వెనక దయగల ప్రభువులు కొందరు ఉన్నా, సాక్ష్యం మాత్రం ఇలా కౌంటరు వెనక కాళ్ళు వాచినవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది.

బ్రిటన్ ఒక్కటే కాదు, మొదటిదీ కాదు. న్యూయార్క్ రాష్ట్రం 1881లోనే ఆడ ఉద్యోగులకు సీట్లు వేయాలని చట్టం చేసింది. ఫ్రాన్స్ 1900 డిసెంబరు 29న చేసిన చట్టంలో దుకాణంలో ఎంతమంది ఆడవాళ్ళుంటే అన్ని సీట్లుండాలంది. ముగ్గురికి ఒకటి అన్న పిసినారితనం అక్కడ లేదు. ఈ చట్టాలన్నిటిలోనూ మాత్రం ఒక ఉమ్మడి లోపం ఉంది. అవి ఆడవాళ్ళకే వర్తించాయి. అడిగినవాళ్ళు కూడా అలాగే అడిగారు. పొద్దస్తమానం నిలబడితే గర్భసంచికి చేటు, రేపటి తల్లులు పాడైపోతారు, జాతి బలహీనపడుతుంది — ఇదీ ఆనాటి వాదన తీరు. ఆ వాదన పనిచేసింది, చట్టం వచ్చింది. కానీ దానికి కట్టిన మూల్యం కూడా ఉంది. అలసట అనేది ఒంటికి సంబంధించిన విషయం కాకుండా ఆడతనానికి సంబంధించిన బలహీనత అయిపోయింది. పక్క కౌంటరులో అంతే సేపు నిలబడే మగవాడి సిరలు ఉబ్బవా? బ్రిటన్‌లో ఆ ప్రశ్నకు 1963 దాకా జవాబు రాలేదు. ఆఫీసులు, దుకాణాలు, రైల్వే ఆవరణలకు వర్తించే ఆ ఏటి చట్టం ఆడామగా తేడా తీసేసి, ముగ్గురికి ఒకటి అన్న పాత లెక్కను మాత్రం భద్రంగా అట్టే పెట్టింది. కౌంటరు వెనక మగవాళ్ళకు ఆ మూడో వంతు కుర్చీ దక్కడానికి 64 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. నిలబడి చేసే పనికి కుర్చీ ఎలా అమర్చాలో ఆ రోజుల్లో తెలియదేమో, సాంకేతిక ఇబ్బందేమో అని. దానికి అమెరికాలోని ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1916లోనే సమాధానం చెప్పారు. వాళ్ళు పని వేగం పెంచడం వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు, యజమానుల దగ్గర ఫీజు తీసుకుని సలహాలిచ్చేవాళ్ళు. కార్మిక నాయకులు కారు. అలసట మీద ఆ ఏడాది రాసిన పుస్తకంలో వాళ్ళు కుర్చీకి చాలా పేజీలు ఇచ్చారు. చెప్పిన కిటుకు ఇంతే. బల్లను నిలబడ్డ మనిషి మోచేతి ఎత్తుకు కట్టండి. దానికి తగ్గట్టు కుర్చీ కాళ్ళు పొడవు చేసి, పాదాలు ఆనడానికి అడ్డచెక్క వేయండి. అప్పుడు మనిషి నిలబడ్డా కూర్చున్నా చేతులు ఒకే ఎత్తులో ఉంటాయి. పని ఆగకుండా భంగిమ మార్చుకోవచ్చు. అలసట తగ్గించే ఇలాంటి సామాన్లన్నీ పోగేసి ఒక చిన్న మ్యూజియం కూడా పెట్టారు. అందులో చాలావరకు ఫ్యాక్టరీల్లోనే పనివాళ్ళో ఫోర్‌మన్లో పాత కుర్చీకి నాలుగు చెక్కముక్కలు కొట్టి చేసుకున్నవే. ఇప్పుడు ఆఫీసుల్లో వేలకు వేలు పోసి కొంటున్న, మీట నొక్కితే లేచే దిగే బల్లల వెనక ఉన్న ఊహ ఈ చెక్కముక్కల్లోనే ఉంది. కాబట్టి నూరేళ్ళకు పైగా మందుల షాపులో, బట్టల షాపులో, టోల్‌గేటులో మనిషి నిలబడి ఉన్నాడంటే అది వడ్రంగికి చేతకాక కాదు.

మరి ఎందుకు? కుర్చీ ఎప్పుడూ సామాను ఒక్కటే కాదు కనుక. మన దేశంలో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. బ్రిటిష్ హయాంలో ఉత్తర భారతంలో ‘కుర్సీనషీన్’ అని ఒక హోదా ఉండేది. తెల్లదొరను చూడటానికి వెళ్ళినప్పుడు కుర్చీలో కూర్చునే అర్హత ఫలానా పెద్దమనుషులకు ఉందని జాబితాలు రాసేవాళ్ళు, ధ్రువపత్రాలు ఇచ్చేవాళ్ళు. మిగిలినవాళ్ళు నిలబడాలి. ఇది పైనుంచి దిగిన అలవాటూ కాదు. తెలంగాణ గడీల్లో దొర ముందు కూర్చోవడం ఊహకందని పని. రెండు తెలుగు ప్రాంతాల పల్లెల్లోనూ దళితుడు తన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నా, పెద్దకులం మనిషి వీధిలో కనబడితే లేచి నిలబడవలసిన రోజులు మరీ పాతవి కావు. కూర్చోవడం సమానత్వాన్ని చాటుతుంది, నిలబడటం లోబడటాన్ని. బ్రిటిష్ దుకాణంలో కౌంటరు అమ్మాయిని నిలబెట్టిందీ ఈ వ్యాకరణమే. మధ్యతరగతి ఇల్లాలికి తన ఇంట్లో ఎంతమంది పనివాళ్ళున్నా లేకపోయినా, దుకాణంలో అడుగు పెడితే తన కోసం నిలబడి ఎదురుచూస్తున్న మనిషి ఉంటుంది. దుకాణం సరుకుతో పాటు ఆ అనుభూతిని కూడా అమ్మింది. మన షోరూములు అదే నమూనా తెచ్చుకున్నాయి. ఆషాఢం సేల్ రోజున ఏ పెద్ద బట్టల షాపు రెండో అంతస్తుకైనా వెళ్ళి, చీరలను కాక అవి చూపించేవాళ్ళను చూడండి. ఒకే రంగు చీర కట్టిన అమ్మాయి చెప్పులోంచి ఒక పాదం తీసి రెండో కాలి మడమ మీద ఆనిస్తుంది. కాసేపటికి కాలు మారుస్తుంది. నడుము వెనక ఉన్న అరకు ఒక అంగుళం ఆనుతుంది. ఫ్లోర్ మేనేజరు ఇటు తిరగ్గానే అంగుళం వెనక్కి తీసుకుని నిటారుగా నిలబడుతుంది. ఎదురుగా మనకు వేసిన మెత్తటి స్టూళ్ళు నాలుగు ఖాళీగానే ఉంటాయి.

దీనికి ఎదురు వాదనల్లో అన్నిటికన్నా బలమైనది విజ్ఞానం వైపు నుంచే వస్తుంది. కూర్చోవడమే చేటని ఇన్నేళ్ళుగా డాక్టర్లు మొత్తుకుంటుంటే, నిలబడ్డవాళ్ళను కూర్చోబెట్టమంటారేమిటి? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్ నాచెమ్‌సన్ 1960లలో వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి నిలబడ్డప్పటి కన్నా దాదాపు 40 శాతం ఎక్కువని తేలింది. అంతకు ముందే, 1953లో, జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సుల మీద చేసిన అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోజంతా సీట్లో ఉండే డ్రైవర్లకు గుండెజబ్బులు ఎక్కువ, అదే బస్సులో తిరిగే కండక్టర్లకు తక్కువ. కానీ ఆ కండక్టర్ చేసేదేమిటో ఒకసారి చూడాలి. అవి రెండంతస్తుల బస్సులు. అతను టికెట్లు కొడుతూ షిఫ్టు పొడుగునా మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. అతనిది నడక, నిలకడ కాదు. మోరిస్ చూపించింది కదలిక మేలు అని మాత్రమే. నిలబడటాన్నీ కూర్చోవడాన్నీ ఎదురెదురుగా పెట్టిన అధ్యయనం కెనడాలోని ఒంటారియోలో జరిగింది. గుండెజబ్బు లేని 7,300 మంది ఉద్యోగులను 12 ఏళ్ళ పాటు గమనించారు. ఎక్కువగా నిలబడి చేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు, ఎక్కువగా కూర్చుని చేసేవాళ్ళకన్నా గుండెజబ్బు ముప్పు సుమారు రెండింతలు కనిపించింది. ఇవన్నీ కలిపి చూస్తే తేలేది రామజ్జీని రెండు అధ్యాయాల సారమే. ఒకే భంగిమలో ఇరుక్కోవడం జబ్బు. ఆఫీసులో ఉన్నతనికి లేచే వీలు కావాలి, కౌంటరు దగ్గర ఉన్నామెకు కూర్చునే వీలు కావాలి. మొదటి అతనికి ఆ వీలు కొని ఇవ్వడానికి కంపెనీలు మోటారు బల్లలు తెప్పిస్తున్నాయి. రెండో మనిషి విషయంలో మాత్రం ‘కూర్చుంటే ఆరోగ్యానికి మంచిది కాదట’ అన్న పేపరు ముక్క అక్కరకొస్తుంది! ‘కూర్చోవడం కొత్త సిగరెట్టు’ అన్న నినాదాన్ని నిలబడి బతికేవాళ్ళు పుట్టించలేదు.

ఇంకో అభ్యంతరం మర్యాదది. వచ్చిన మనిషి ముందు లేవకపోతే అమర్యాద, మన సంస్కృతి అది, గిరాకీ పోతుంది అంటారు యజమానులు. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడటం మన మర్యాదే, కాదనను. కానీ అతిథి వచ్చినప్పుడు లేవడం వేరు, ఎవరూ లేనప్పుడు కూడా నిలబడి ఉండటం వేరు. మొదటిది మర్యాద, రెండోది కాపలా. కూర్చునే హక్కు అడిగినవాళ్ళెవరూ బేరం వచ్చినా లేవమని అనలేదు. బేరం లేని వేళ కూర్చుంటామన్నారు. గిరాకీ సంగతికి వస్తే, జర్మనీలో సూపర్‌మార్కెట్ క్యాషియర్లు కూర్చునే బిల్లు కొడతారు. అక్కడి నుంచి అమెరికా వెళ్ళిన ఆల్డీ దుకాణాలు అదే అలవాటు వెంట తీసుకుపోయాయి, వేగంగా బిల్లు కొడతారన్న పేరు కూడా తెచ్చుకున్నాయి. అదే అమెరికాలో మిగతా దుకాణాల క్యాషియర్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో పని స్వభావం అనుమతించే చోట తగిన సీటు ఇవ్వాలని పాత నిబంధన ఒకటుంది. మొత్తం ఉద్యోగాన్ని చూసి ఇది నిలబడే ఉద్యోగమని యజమాని తేల్చేయడం చెల్లదు, ఆ చోట ఆ పని కూర్చుని చేయవచ్చా లేదా అన్నదే చూడాలి అని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. సీటు పట్టకుండా కౌంటరును అసంబద్ధంగా కట్టి, తర్వాత చోటు లేదనడం కూడా కుదరదంది. రెండేళ్ళకు వాల్‌మార్ట్ అక్కడి క్యాషియర్ల కేసులో 6.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. సీటు ఇవ్వకపోవడానికి ఖర్చు కారణమన్న వాదన ఆ అంకె ముందు ఏమంత నిలవదు.

చట్టాలు చేసినంత మాత్రాన ఒరిగేదేముంది అన్న నిరాశకు మాత్రం చరిత్రలో ఆధారం ఉంది. 1899 తర్వాత లండన్ దుకాణాల్లో సీట్లు వచ్చాయి. వాటి మీద కూర్చునే ధైర్యం రాలేదు. కూర్చున్న అమ్మాయి సోమరి కిందే లెక్క, సోమరి ఉద్యోగం ఎన్నాళ్ళుంటుంది? సీటు ఉండటం ఒకటి, దాన్ని వాడుకునే వీలుండటం ఇంకొకటి. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ వాణిజ్యం, ఆఫీసుల పరిశుభ్రత మీద 1964లో చేసిన ఒప్పందం తగినన్ని సీట్లు ఇవ్వాలనడంతో ఆగక, వాటిని వాడుకునే అవకాశమూ ఇవ్వాలని విడిగా చెప్పింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ కూడా నిలబడి పనిచేయక తప్పని వాళ్ళందరికీ, పని మధ్యలో దొరికే విశ్రాంతిని వాడుకునేలా కూర్చునే ఏర్పాటు ఉండాలంది. ఆడవాళ్ళని కాదు, పనివాళ్ళందరూ అంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే రాసుకున్న మంచి మాట. కాకపోతే అది ఫ్యాక్టరీకి. బట్టల షాపు ఫ్యాక్టరీ కాదు.

ఆ మాటను దుకాణం గుమ్మం దాటించడానికి 70 ఏళ్ళు పట్టింది, దాటించిందీ దుకాణాల్లో పనిచేసేవాళ్ళే. కోజికోడ్‌లోని మిఠాయి వీధిలో టైలరుగా పనిచేసిన పి. విజి అక్కడి అమ్మకాల అమ్మాయిలను కూడగట్టినప్పుడు మొదటి కోరిక కుర్చీ కూడా కాదు, మూత్రశాల. అది లేక పనివేళల్లో మంచినీళ్ళు తాగడమే మానుకునేవాళ్ళు. ఆ తర్వాత కుర్చీ అడిగారు. 2014 చివర త్రిశూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు అమ్మకాల మహిళలు మొదలుపెట్టిన సమ్మె వంద రోజులు దాటింది. పెద్ద యూనియన్లు వీళ్ళను చాలాకాలం పట్టించుకోలేదు. కుర్చీ కోసం సమ్మె ఏమిటన్నది వాటికీ చిన్న విషయంగానే తోచి ఉంటుంది. చివరికి 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి 21బి సెక్షన్ చేర్చింది. పనిలో కూర్చునే అవకాశం దొరికినప్పుడు వాడుకునేలా అందరికీ సీట్లు ఉండాలని దాని భావం. 1948 నాటి 44వ సెక్షన్ పక్కన పెట్టి చదివితే రెండూ తోబుట్టువులని తెలుస్తుంది. 2021లో తమిళనాడు అదే దారిలో 22ఎ సెక్షన్ తెచ్చింది. ఈ రెండు చట్టాల్లోనూ ముగ్గురికి ఒకటి అన్న లెక్క లేదు, ఆడవాళ్ళకే అన్న షరతూ లేదు. వందేళ్ళలో వచ్చిన తేడా అదే. అడిగిన తీరులో కూడా తేడా ఉంది. కోజికోడ్ మహిళలు గర్భసంచి పేరు చెప్పి జాలి అడగలేదు, హక్కని అడిగారు.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అప్పటి నుంచి ఈ పాతికేళ్ళ పైచిలుకులో చుట్టుపక్కల లేచిన భవనాల్లోకి, ఎత్తు సవరించుకునే, నడుము దగ్గర ఆధారం ఉండే కుర్చీలు లక్షల సంఖ్యలో వచ్చాయన్నా అతిశయోక్తి కాదు. మెడ ఎంత వంచాలి, తెర ఎంత ఎత్తులో ఉండాలి అని కొత్త ఉద్యోగులకు పాఠాలు చెబుతారు. మంచిదే, వాళ్ళ మెడనొప్పులూ నిజమైనవే. అదే భవనం గేటు దగ్గర సెక్యూరిటీ మనిషికి చేయి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంటుంది, పెద్దవాళ్ళు వస్తున్నారంటే దాన్నీ లోపల దాచేస్తారు. లిఫ్టు పక్కన మాపు కర్ర పట్టుకుని నిలబడే ఆయమ్మకు అదీ లేదు. కొలతల శాస్త్రం ఈ ముగ్గురినీ చూసింది, ఒకరినే కొలిచింది. ఎవరి ఒళ్ళు కొలవాలో శాస్త్రం నిర్ణయించదు, జీతాల పట్టిక నిర్ణయిస్తుంది. ఎర్గోనామిక్స్ నిపుణుల మీద నా ఫిర్యాదు ఇంతవరకే; వాళ్ళను ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికే వెళ్ళారు.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి 24వ సెక్షన్ యజమాని కల్పించాల్సిన సదుపాయాల వరసలో, నిలబడి పనిచేయక తప్పని ఉద్యోగులందరికీ కూర్చునే ఏర్పాటును కూడా చేర్చింది. ఇక్కడ ఫ్యాక్టరీ అన్న మాట లేదు, సంస్థ అన్న మాట ఉంది. అయినా రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలూ తనిఖీకి వెళ్ళినప్పుడు షాపులో ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టుకుని రిజిస్టరులో రాసుకుని తిరిగి వస్తే 1899 నాటి లండన్ కథే ఇక్కడా జరుగుతుంది. బేరాలు లేని మధ్యాహ్నం పూట చెప్పకుండా వెళ్ళి, ఆ కుర్చీల్లో ఎంతమంది కూర్చుని ఉన్నారో చూసి రాయాలి.